స్లెడ్ కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకోవా? జట్టులో పోట్లాట ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అలాస్కాలో కుక్కలు మంచు మీద స్లెడ్ అనే బండిని లాగే పందెం వీడియోలో 14 కుక్కల్ని ఒకే తాడుకు కట్టారు, అవి పిచ్చెత్తినట్టు అరుస్తూ గాల్లోకి ఎగురుతున్నాయి. అంత ఆవేశంలో ఉన్నవి ఒకదాన్నొకటి ఎందుకు చీల్చుకోవు? వాటిలో తోడేలు రక్తం ఉందా? అన్నిటికన్నా క్రూరమైనదాన్నే లీడర్‌గా పెడతారా? చివర్లో ఇంకో మాట కూడా రాశారు: కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్‌లో ఒక హస్కీ ఉంది, రెండోది తెద్దామనుకుంటున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కరుచుకుంటాయి. కానీ మీరు అనుకున్నంత తరచుగా కాదు, మీరు అనుకున్న సమయంలోనూ కాదు. పరుగెత్తుతున్న జట్టులో పోట్లాట చాలా అరుదు. ఆగి ఉన్న జట్టులోనే వస్తుంది. తోడేలు రక్తానికీ దీనికీ సంబంధం లేదు. లీడర్ క్రూరమైన కుక్క కాదు, చాలాసార్లు జట్టులో అన్నిటికన్నా మెత్తని కుక్కే లీడర్ అవుతుంది.

నేను చదువు కోసం అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్లి, అక్కడ ఊరి బయట స్లెడ్ కుక్కల్ని పెంచే ఒక కెన్నెల్‌లో నాలుగు శీతాకాలాలు హ్యాండ్లర్‌గా పనిచేశాను. హ్యాండ్లర్ అంటే పాలేరు పని అనుకోండి. తెల్లవారుజామున పెంట ఎత్తడం, వేడినీళ్లలో మాంసం కలిపి తాగించడం, గోళ్లు తీయడం, బండి లాగడానికి ఒంటికి వేసే పట్టీలు, అంటే హార్నెస్‌లు తొడగడం, యజమానురాలి జట్టు వెనకాల రెండో జట్టును తోలడం. అక్కడ 43 కుక్కలు ఉండేవి. నేను సొంతంగా ఏ పెద్ద పందెంలోనూ పరుగెత్తించలేదు. కానీ ఆ 43 కుక్కల్లో దేనికి ఎవరంటే పడదో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఆ అరుపు కోపం కాదు

మా ప్రకాశం జిల్లా వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాడి కట్టాక ఎద్దులు ఒక్క క్షణం నిలబడలేవు, గిట్టలతో నేల తవ్వుతాయి, పక్కన మనిషి ఉన్నా లెక్కచేయవు. స్లెడ్ కుక్కలదీ అదే స్థితి. హార్నెస్ కనబడగానే యార్డ్ మొత్తం లేచిపోతుంది. తాడుకు కట్టాక నాలుగు కాళ్లూ గాల్లోకి లేచేలా ఎగురుతాయి. మనిషి చెవిలో మనిషి అరిచినా వినబడదు. జట్టును తోలే మనిషి, అంటే మషర్, బండిని మంచులో ఆపి ఉంచే కొక్కెం, స్నో హుక్, పీకుతాడు, బండి కదులుతుంది, రెండు సెకన్లలో నిశ్శబ్దం. పాదాల చప్పుడు, బండి అడుగున మంచు గీసుకునే శబ్దం, అంతే. ఈసారి ఆ వీడియోలో ఆ క్షణం చూడండి. కోపమైతే అలా ఒక్కసారిగా ఆరిపోదు.

అయితే బండి కదలడానికి ముందున్న ఆ ఐదు నిమిషాలు ప్రమాదమే. ముందుకు పోవాలన్న తపన అంతా ఉంది, తాడు పోనివ్వడం లేదు. ఆ ఉద్రేకం ఎటో ఒకవైపు బయటపడాలి. కొన్ని కుక్కలు తాడు కొరుకుతాయి. కొన్ని పక్కదాని చెవి పట్టుకుంటాయి. ఆ పక్కదాని మీద దానికి ఏ పగా లేదు, అందుబాటులో ఉన్న చెవి అది, అంతే. దానికి అలవాటుపడ్డ పెద్ద కుక్క తల తిప్పేసుకుంటుంది. అలవాటులేని చిన్న కుక్క ఎదురు తిరిగితే గొడవ మొదలవుతుంది. అందుకే అందరికన్నా చిరాకు కుక్కల్ని మిగతావన్నీ కట్టాక కడతాం, కట్టాక ఎక్కువసేపు నిలబెట్టం. మొదటి నెలలో నేను ఒక్కో కుక్కకు హార్నెస్ వేయడానికి రెండు నిమిషాలు తీసుకునేదాన్ని. నాలుగో ఏడాదికి ఇరవై సెకన్లు. జట్టు ప్రశాంతంగా ఉండటానికి నేను నేర్చుకున్న మొదటి విద్య అదే, చేతివేగం.

జత కుదరడం

ఆధునిక పందెపు జట్టులో కుక్కలు రెండేసి చొప్పున, మధ్యలో ఉండే గ్యాంగ్‌లైన్ అనే పొడవాటి తాడుకు రెండువైపులా ఉంటాయి. ముందున్నవి లీడర్లు, వాటి వెనక స్వింగ్, మధ్యలో టీమ్ కుక్కలు, బండికి దగ్గరగా వీల్ కుక్కలు. ప్రతి కుక్కకూ రెండు కట్లు. నడుము వెనక నుంచి టగ్‌లైన్, దాంతోనే లాగుతుంది. మెడపట్టీ నుంచి నెక్‌లైన్, మూరెడు కూడా ఉండదు. పక్కకు పోకుండా పట్టి ఉంచేది అదే. అంటే పక్క కుక్క మొహం నుంచి దూరం జరగడానికి దీనికి చోటు లేదు. గొడవపడే వీలు ఎంత ఉందో, తప్పించుకునే వీలు అంత తక్కువ.

కాబట్టి ఎవరి పక్కన ఎవరు అన్నదే అసలు ప్రశ్న. మన రైతులు ఎద్దుల్లో ఎలపట, దాపట అని చూసినట్టే, కుక్కల్లోనూ కుడివైపు ఇష్టపడేవి, ఎడమవైపు ఇష్టపడేవి ఉంటాయి. ఇష్టంలేని వైపు కడితే రోజంతా పక్కదాన్ని భుజంతో నెడుతూ పరుగెడుతుంది. ఆ పక్కది దీని మీద గుర్రుమంటుంది. సాయంత్రం బండి ఆగాక లెక్క తేల్చుకుంటాయి. మా యజమానురాలు రాత్రి వంటింట్లో కూర్చుని చిన్న కాగితాల మీద కుక్కల పేర్లు రాసి, పేకముక్కల్లా జరుపుతూ రేపటి జట్టు కూర్చేది. మగా ఆడా పక్కపక్కన పెట్టడం మామూలు పద్ధతి. ఏడాది పిల్లల్ని ఏడెనిమిదేళ్ల శాంతమైన కుక్క పక్కన పెట్టడం ఇంకో పద్ధతి. పిల్ల ఎగిరెగిరి మీదపడితే ఆ పెద్దది పెదవి కొద్దిగా పైకెత్తి పన్ను చూపిస్తుంది. కరవదు. రెండు మూడు పరుగుల్లో పిల్లకు హద్దు తెలుస్తుంది. ఆ పెదవి ఎత్తడాన్ని మనం తిట్టి ఆపకూడదు. గుర్రుమనడం కుక్క మాట. మాట మాన్పిస్తే ఇక మిగిలేది కాటే.

ఒక పోట్లాట, దగ్గర నుంచి

నేనున్న రెండో ఏడాది పుట్టిన ఒక ఈత పిల్లలకు పేర్లు పెట్టమని నాకు అవకాశం ఇచ్చారు. మన నదుల పేర్లు పెట్టాను. తుంగ, మంజీర, నాగావళి, పెన్న. వాటిలో తుంగ, మంజీర అక్కచెల్లెళ్లు. ఒకే ఈడు, ఒకే బరువు, ఇరవై ఒకటి ఇరవై రెండు కిలోలు. చిన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. రెండేళ్లు నిండే సమయానికి ఒకదాని వైపు ఒకటి బిగుసుకుని చూసుకోవడం మొదలైంది. ఒకే ఈతలో పుట్టిన, ఒకే లింగానికి చెందిన కుక్కల మధ్య ఇది రావడం కొత్తేమీ కాదు. నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, మైనస్ 32 డిగ్రీలు. పది కుక్కల జట్టు తోలుతున్నాను. మూడో వరుసలో ఆ రెండూ పక్కపక్కన. ముందున్న ఒక కుక్క పాదానికి తొడిగే గుడ్డ తొడుగు, బూటీ, ఊడిపోతే వేద్దామని ఆపాను. ఆపింది చిన్న పల్లం మీద. అదే తప్పు. బండి బరువుకు ముందుకు జారి తాడు వదులైంది. తాడు బిగువుగా ఉంటే ప్రతి కుక్కా ముందుకే చూస్తుంది, వదులైతే వెనక్కి తిరుగుతాయి. మంజీర తాడు దాటి అటువైపు వచ్చింది. తుంగ వెనక కాలు ఆ మెలికలో పడింది. తుంగ కుయ్‌మంది. ఆ అరుపే చాలింది.

అసలైన పోట్లాటకు శబ్దం తక్కువ. ఎక్కువ అరుపులు వినబడితే సగం బెదిరింపే అనుకోవచ్చు. ఆ రోజు అరుపే లేదు. మంజీర తుంగ చెవి మొదలు పట్టి వదల్లేదు, గొంతులోంచి సన్నటి గుర్రు మాత్రం వస్తోంది. తుంగ పక్కకు పడిపోయింది. అది పడగానే వెనక వరుసలోని రెండు కుక్కలు, దానితో ఏ తగవూ లేనివి, మీదకు లేచాయి. కిందపడ్డ కుక్క మీదకు మిగతావి వెళ్లడం అన్నిటికన్నా భయంకరమైన విషయం. రెండు కుక్కల గొడవ ప్రాణాల మీదకు వచ్చేది అప్పుడే.

నేను ముందు స్నో హుక్‌ను బూటుతో తొక్కి మంచులో దించాను. ఆ మూడు సెకన్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కుక్కల దగ్గరకు పరుగెత్తాలనిపిస్తుంది, కానీ బండి వదిలేస్తే జట్టు మొత్తం నన్ను వదిలి వెళ్లిపోతుంది. మెలికపడ్డ కాలితో తుంగను ఈడ్చుకుంటూ. హుక్ దించాక వెళ్లి, వెనక రెండింటి టగ్‌లైన్లు పట్టి వెనక్కి లాగి, మంజీరను హార్నెస్ నడుము దగ్గర పట్టుకుని ఆపి ఉంచాను. లాగలేదు. పట్టు మీద ఉన్న కుక్కను లాగితే చెవి చీలిపోతుంది. ఊపిరి కోసం ఒకసారి నోరు తెరిచే వరకు ఆగి, అప్పుడు వెనక్కి తీశాను. తుంగ చెవి మొదట్లో రెండు లోతైన రంధ్రాలు, మంజీర ముందుకాలిపై ఒకటి. బయటికి చిన్నగా కనబడే పంటిగాటు లోపల చీము పట్టే రకం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి కడిగించి, మందులు వాడి, తొమ్మిది రోజులు పని మాన్పించాం.

ఇంటికొచ్చాక యజమానురాలు నన్ను కేకలేయలేదు. "అవి పోట్లాడలేదు, నువ్వు తాడు వదులు చేశావు" అంది. ఆ తర్వాత తుంగను స్వింగ్‌లో, మంజీరను వీల్‌లో పెట్టాం. మధ్యలో ఎప్పుడూ కనీసం రెండు జతలు. నేను ఉన్నన్నాళ్లూ ఒకే జట్టులో వేల కిలోమీటర్లు పరుగెత్తాయి, మళ్లీ ఒక్క గాటు లేదు. రాజీపడ్డాయని కాదు. వాటికి ఆ అవకాశం మేం ఇవ్వలేదు.

విడదీయడం గురించి, ఎందుకంటే ఇది మీకు ఇంట్లోనూ పనికొస్తుంది. రెండు తలల మధ్య చెయ్యి పెట్టకండి, మెడపట్టీ కూడా పట్టకండి. ఆ సమయంలో కుక్కకు మీ చెయ్యి, ఎదుటి కుక్క వేరువేరుగా కనబడవు. ఇద్దరు మనుషులు ఉంటే చెరొకదాన్ని వెనక కాళ్లు తొడల దగ్గర పట్టి పైకెత్తి వెనక్కి నడవాలి. ఒక్కరే ఉంటే ఒకదాన్ని తాడుతో దేనికైనా కట్టేసి రెండోదాన్ని తీయాలి. కొట్టడం వల్ల పట్టు ఇంకా బిగుస్తుంది, నేను చూసినంతలో ఒక్కసారి కూడా సాయపడలేదు.

ఉన్నట్టుండి కరిచే కుక్క

మంచి కుక్క ఒక్కసారిగా చిరాకుపడటం మొదలుపెడితే ముందు గుణాన్ని అనుమానించకండి. ఒంటిని చూడండి. మా దగ్గర చెడ్డార్ అని ఎనిమిదేళ్ల మగకుక్క ఉండేది. పిల్లల్ని దాని పక్కనే పెట్టేవాళ్లం, అంత ఓర్పు. ఒక నవంబరులో పక్కదాని మొహం మీదకు పళ్లు తెరిచి రెండుసార్లు వెళ్లింది. ముసలిదైపోయిందిలే అన్నారు కొందరు. నోరు తెరిచి వేలు పెట్టి తడిమితే పైదవడలో పెద్ద పన్ను నిలువునా విరిగి ఉంది. పక్క కుక్క భుజం తగిలినప్పుడల్లా దానికి ప్రాణం పోయేంత నొప్పి. పన్ను తీయించిన రెండు వారాలకు మళ్లీ పాత చెడ్డారే. మణికట్టు వాపు, భుజం పట్టేయడం, గోళ్ల మధ్య పగుళ్లు, ఇవన్నీ ముందు కోపంగానే బయటికి కనబడతాయి. కుక్క కుంటడం తర్వాత సంగతి.

ఆడకుక్కలు ఎదకు వచ్చినప్పుడు మగవాటి మధ్య బిగువు పెరుగుతుంది. జట్టులో దాన్ని ముందు పెడితే అందరూ బాగా లాగుతారని కొందరు అంటారు, నాకైతే ఆ తలనొప్పి వద్దు. దాన్ని ఆ మూడు వారాలు వేరే జట్టులో తోలడమే నయం. నా అనుభవంలో మగవాటి గొడవలు అరుపులెక్కువ, తొందరగా అయిపోతాయి. రెండు ఆడకుక్కలకు పడకపోతే అది ఏళ్లకేళ్లు ఉండిపోతుంది.

తిండి దగ్గర గొడవలు మాత్రం పూర్తిగా మన చేతిలో పని. యార్డ్‌లో ప్రతి కుక్కకూ సొంత గూడు, సొంత గొలుసు, సొంత గిన్నె ఉంటాయి. దారిలో గడ్డకట్టిన చేపముక్కలు వేసేటప్పుడు ముందు నుంచి వెనక్కి, ప్రతిదాని మూతి ముందే పడేలా, చకచకా వేసేయాలి. రెండింటి మధ్యలో ముక్క పడిందంటే మీరే పందెం పెట్టినట్టు.

తోడేలు, ఆల్ఫా, లీడర్

సైబీరియాకు ఉత్తరాన జొఖోవ్ దీవిలో దొరికిన, సుమారు 9,500 ఏళ్ల నాటి కుక్క జన్యువులను చదివి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. నేటి స్లెడ్ కుక్కలు, ముఖ్యంగా గ్రీన్‌లాండ్ కుక్కలు, ఆ వంశానికి దగ్గరివని తేలింది. ఉత్తర అమెరికా ఆర్కిటిక్ తోడేళ్ల రక్తం వాటిలో కలిసిన జాడ మాత్రం కనబడలేదు. అంటే ఇవి వేల ఏళ్లుగా పనికుక్కలు. పందేల్లో పరుగెత్తే అలాస్కన్ హస్కీ అయితే ఒక స్వచ్ఛమైన జాతి కూడా కాదు. ఊరి కుక్కలు, సైబీరియన్ హస్కీలు, పాయింటర్ లాంటి వేటకుక్కలు కలిపి పని కోసం ఎంచుకుంటూ వచ్చిన కుక్క. పక్కదాన్ని కరిచే కుక్కకు ఎవరూ పిల్లలు పెట్టించరు. మనిషిని కరిచేదానికైతే అసలే పెట్టించరు. అలాస్కాలోని ఇడిటారోడ్ పందెం యాంకరేజ్ నుంచి నోమ్ దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు. దారిపొడవునా మజిలీల్లో పశువైద్యులు, ముక్కూమొహం తెలియనివాళ్లు, గడ్డి మీద నిద్రపోతున్న కుక్క పాదం పట్టి చూస్తారు. కరిచే కుక్కతో అది సాగదు.

గుంపు మీద పెత్తనం చేసేది అన్న అర్థంలో వాడే ఆల్ఫా అన్న మాట 1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బందీగా ఉన్న తోడేళ్ల మీద చేసిన పరిశీలనతో మొదలైంది. తెలియని తోడేళ్లను ఒక చోట మూసిపెడితే పెత్తనం కోసం కొట్టుకోక ఏం చేస్తాయి? ఆ మాటను జనంలోకి తీసుకెళ్లినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ స్వయంగా 1999లో, అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లి, తండ్రి, పిల్లలే, అక్కడ ఆల్ఫా అన్న మాట సరిపోదని రాశారు. మషర్ గట్టిగా అరిచి, కుక్కను వెల్లకిలా నేలకు అదిమి "నేనే ఆల్ఫా" అనిపించుకోవాలన్న సలహా ఎక్కడైనా చదివితే దయచేసి వదిలేయండి. భయపడిన కుక్క ముందుకు లాగదు. అది మీ వైపు తిరిగి తిరిగి చూస్తుంది.

మా కెన్నెల్‌లో అందరికన్నా మంచి లీడర్ బ్రీ. పద్దెనిమిది కిలోల ఆడకుక్క. యార్డ్‌లో ఏ కుక్క ఎదురొచ్చినా కళ్లు పక్కకు తిప్పుకుని దారిచ్చేసేది. కానీ ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గరి చీనా నది మీద, మంచుపలక పైకి నీళ్లు ఊరి పొగలు కక్కుతుంటే, పెద్ద పెద్ద మగకుక్కలు కాళ్లు తన్నిపట్టి నిలబడిపోయిన చోట, ఒక్కసారి నా గొంతు విని చెవులు వెనక్కి వాల్చి నీళ్లలోకి దిగిపోయేది. లీడర్‌కు కావాల్సింది అదే. మాట వినడం, కొత్తదానికి బెదరకపోవడం, వెనక నుంచి 13 కుక్కలు తరుముతున్న ఒత్తిడిని తట్టుకోవడం. ఎదురు జట్టును చూసి తల తిప్పకుండా సాగిపోవడం కూడా. వెనక వచ్చే జట్టు దారి అడిగితే ముందున్నవాళ్లు ఆగి తమ కుక్కల్ని పట్టుకోవాలని ఇడిటారోడ్‌లో నియమమే ఉంది, ఎందుకంటే దాటేటప్పుడు ఒక్క కుక్క మూతి చాచినా రెండు జట్లు ముడిపడిపోతాయి.

1925లో నోమ్‌కు డిఫ్తీరియా మందు చేర్చిన పరుగులో అతి కష్టమైన భాగం నడిపిన లీడర్ కుక్క టోగో సంగతి కూడా ఇలాంటిదే. చిన్నప్పుడు అది మహా అల్లరిది. కట్లు తెంపుకుని వచ్చి తన మషర్ సెప్పలా జట్టు చుట్టూ తిరిగి ఎదురొచ్చే జట్ల మీదకు దూకేది. ఒకసారి మాలమ్యూట్ అనే పెద్ద జాతి కుక్కల జట్టు మీదకు పోయి బాగా గాయపడిందని, ఆ తర్వాత ఎదురు జట్లకు దూరంగా జరిగి దాటడం నేర్చుకుందని సెప్పలా చెప్పేవాడు. ఆ పరుగు నాటికి దాని వయసు 12.

ఒక మినహాయింపు చెప్పాలి. గ్రీన్‌లాండ్ పరిస్థితి వేరు. అక్కడి కుక్కలు బరువైనవి, మొరటువి. చాలాచోట్ల జంటలుగా కాకుండా విసనకర్ర ఆకారంలో, ఒక్కోదానికి ఒక్కో తాడు ఇచ్చి కడతారు. తమలో తాము పెద్ద ఎవరో తేల్చుకునే గొడవలు అక్కడ ఎక్కువ. పిల్ల వయసు దాటిన కుక్కను గొలుసుకు కట్టి ఉంచాలని అక్కడ చట్టం. నేను చెప్పినవన్నీ అలాస్కా పందెపు కుక్కల గురించే, వాటిని అక్కడికి అంటించకండి.

మీ ఇంటి హస్కీ, రెండోది

మనసులో మాట చెప్తాను, నొచ్చుకోకండి. హైదరాబాద్ ఎండలో, అపార్ట్‌మెంట్‌లో, ఉన్న ఒక్క హస్కీకే ఏప్రిల్, మే నెలలు నరకం. ఏసీ గది దాన్ని బతికిస్తుంది గానీ దాని కాళ్లకు పని ఇవ్వదు. పని లేక మిగిలిపోయిన ఆ ఉద్రేకమే, పైన చెప్పాను కదా, తాడుకు కట్టి కదలనివ్వని ఐదు నిమిషాలు, అది రోజంతా ఉన్నట్టు. అలాంటి ఇంటికి రెండోదాన్ని తెస్తే తోడు దొరకడం కన్నా చెవి దొరికినట్టు అవ్వొచ్చు. నన్నడిగితే వద్దంటాను. ముందు ఉన్నదాన్ని తెల్లవారుజామున ఐదింటికే, రోడ్డు చల్లగా ఉన్నప్పుడు, రోజూ బాగా నడిపించండి. ఆరు నెలలు అలా చేయగలిగితే అప్పుడు ఆలోచించండి.

అయినా తెస్తానంటే, మీది మగదైతే ఆడదాన్ని, ఆడదైతే మగదాన్ని తెండి, రెండింటికీ ఆపరేషన్ చేయించండి. ఒకే ఈత నుంచి రెండు పిల్లల్ని మాత్రం తేకండి. గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టండి. మొదటి పరిచయం ఇంట్లో, గుమ్మం దగ్గర, ఎదురెదురుగా వద్దు. బయట, ఇద్దరు మనుషులు చెరొకదాన్ని పట్టుకుని, ఒకే దిక్కుకు, మధ్యలో మూడు నాలుగు గజాల దూరంతో అరగంట నడవండి. అలా నాలుగైదు రోజులు నడిచాక దూరం తగ్గించండి. మీ కుక్క వయసెంత, మగో ఆడో, ఇప్పటికే వేరే కుక్కల్ని చూసి ఏం చేస్తుందో రాయండి. దాన్ని బట్టి ఇంకొంచెం కచ్చితంగా చెప్తాను.